పెయ్యకి మనవాళ్ళ సంబంధం

మా పెయ్యకి సంబంధం చూసినవాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు దాని వెనక్కి వెళ్ళి నిలబడి చూడలేదు. టీ కొట్టులో బల్ల చుట్టూ కూర్చుని, ఫోనులో ఆంబోతుల ఫొటోలు జరుపుకుంటూ, ఈ మూపురం చూడు, ఆ గంగడోలు చూడు అనుకుంటూ తేల్చేశారు. సంబంధం అన్నది నేను వెటకారానికి అంటున్న మాట కాదు. వాళ్ళు అన్నదే. మాంసానికి పెంచబోయే దూడకి తండ్రిని ఎంచుతూ పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు మాట్లాడుకున్న పెద్దమనుషులు వాళ్ళు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మాది యాంగోన్, మా పెద్దవాళ్ళ నోట రంగం. తాత శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చి సేక్కాన్ రేవులో బస్తాలు మోశాడు. నాన్న కాలానికి రేవు పని సన్నగిల్లింది. ఇన్సేన్‌లో రైలు పట్టాలకి అవతల పాక వేసుకుని ఆవుల్ని పెట్టుకున్నాం. ఇప్పుడా పాక మా అన్నయ్యది. నేను ఊరి నడుమ లమ్మడా పేటలో, మెట్లెక్కలేక ఆయాసపడే పాత మేడలో అద్దెకుంటాను. పొద్దున్నే పాకకి వెళ్ళి పాలు పిండుకొచ్చి, టీ కొట్లకి పాలూ మనవాళ్ళ ఇళ్ళకి పెరుగూ పోస్తాను. పాకలో ఉన్నవన్నీ అన్నయ్య ఆవులే, ఒక్కటి తప్ప. అమ్మ పోయేముందు తన ఎర్రావుని నాకని నలుగురి ముందూ చెప్పింది. ఆ ఎర్రావు ముసలితనంలో ఒక ఎర్ర పెయ్యని ఈని పోయింది. నాకంటూ నడిచే ఆస్తి ఆ పెయ్యొక్కటే. నా గొంతు వింటే చాలు, ఎంత మేతలో ఉన్నా తలెత్తేది.

ఈ మధ్య టీ కొట్లు ఒక్కొక్కటే డబ్బా పాలకి మళ్ళాయి. తవుడు దొరికితే వేరుశనగ చెక్క దొరకదు, చెక్క దొరికితే కొనలేం. సరిగ్గా అప్పుడే ఒక దళారీ పాక చుట్టూ తిరగడం మొదలెట్టాడు. ఉత్తరాన సరిహద్దు దాటించి మాంసానికి పశువుల్ని పంపే మనిషి. ఇంకా పాలు పిండుకుంటూ ఎన్నాళ్ళు కూచుంటారు, కండ పట్టే జాతితో సంకరం చేయించండి, దూడలు నాకివ్వండి అన్నాడు. అన్నయ్య సరేనన్నాడు. నేనూ కాదనలేదు. పాలమ్ముకుని బతికే ఇంట్లో కోడెదూడలు ఎక్కడికి పోతాయో పాకలోనే పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలీకనా? మా ఇళ్ళలో గొడ్డుమాంసం ముట్టం, నిజమే. కానీ కోడెదూడని బేరగాడి చేతికిచ్చేటప్పుడు "పనికి పంపుతున్నాం" అంటాం. పుచ్చుకునేవాడూ "పనికే" అంటాడు. అది మా తాత నాటి ఆనవాయితీ. నుదుట బొట్టు పెట్టి, పిడికెడు తవుడు తినిపించి, పలుపు మాత్రం మేం ఉంచేసుకుని తోలేస్తాం. అలా ముసుగేస్తే జరిగేది జరక్క మానుతుందా అని చిన్నప్పుడు అడిగి అమ్మ చేత మొట్టికాయ తిన్నాను.

పశువుల డాక్టరు ఒక బర్మా పిల్ల. బుగ్గలకి తనాకా గంధం పూసుకుని, బ్యాటరీ స్కూటరు వెనక ఆంబోతుల బీజం దాచిన, చలిపొగలు కక్కే క్యాను కట్టుకుని వస్తుంది. సయామా అని పిలుస్తాం. ఇక్కడ టీచరమ్మనైనా డాక్టరమ్మనైనా అలాగే పిలవాలి. ఆ పిల్ల తన దగ్గరున్న రకాల ఫొటోలు అన్నయ్యకి చూపించింది. మగమనిషి కదా, ఆయనకే చూపించింది. నేను ఆయన భుజం మీంచి తొంగి చూశాను.

ఒకటి నల్లది, చలిదేశాలది, కొమ్ముల్లేవు, మూపురం లేదు. ఒకటి ఎర్రది, మొహం మాత్రం తెలుపు. మరొకటి తెల్లటి మహాకాయం, మూపురం ఒక పక్కకి ఒరిగిపోతూ ఉంది. సయామా ఓపిగ్గా చెప్పింది. చలిదేశపు జాతికి కండ తొందరగా పడుతుంది, కానీ ఆ రక్తం సగానికి మించితే ఇక్కడి ఎండకీ పిడుదులకీ దూడ నిలవదు. తల్లివైపు మన ఊరావు, తండ్రివైపు ఆ నల్లది అయితే దూడకి రెండు గుణాలూ వస్తాయి. నల్లదాని దూడలు పుట్టేటప్పుడు చిన్నగా ఉండి, పుట్టాక పెరుగుతాయి, అంచేత తొలిచూలుకి అది మేలు. తెల్లది ఎండకి తట్టుకుంటుంది గానీ, ఈ తెల్ల ఆంబోతు దూడలు కడుపులోనే బాగా పెరిగిపోతున్నాయి. నాలుగు ఈతలు ఈనిన పెద్దావులకి దాన్ని వెయ్యండి, పెయ్యకి మాత్రం వద్దంది. పెయ్యకి అసలు ఇంకొన్నాళ్ళు ఆగినా తప్పులేదంది.

నాకూ అదే అనిపించింది. అమ్మ ఏ పెయ్యనైనా వెనకనుంచే చూసేది. తోక మొదట్లో రెండు పక్కలా పొడుచుకొచ్చే ఎముకల మధ్య పిడికిలి పెట్టి చూసి, ఇది ఈనగలదో లేదో చెప్పేది. మా పెయ్యకి నేనూ అలాగే పెట్టి చూశాను. ఇరుకు. పక్కనించి చూస్తే నిగనిగలాడుతూ ఈడొచ్చినట్టే ఉండేది, వెనక నుంచి చూస్తే ఇంకా పసిపిల్లే. నల్లదే వేద్దాం అన్నయ్యా, అదీ ఈసారి ఎద వదిలేసి ఆపై ఎదకి వేద్దాం అన్నాను. ఆయన ఊ అన్నాడో, గొంతు సవరించుకున్నాడో తెలీదు.

సాయంత్రానికి ఆ ఫొటోలు టీ కొట్టుకి చేరాయి. అక్కడ మనవాళ్ళలో పెద్దవాళ్ళు ఐదారుగురు రోజూ చేరతారు. ఒకరు పాత ఇనుము కొంటారు, ఒకరిది పూజ సామాను కొట్టు, ఒకాయన రైల్వే వర్క్‌షాపులో చేసి దిగిపోయాడు. పశువు నోట్లో చెయ్యి పెట్టి పళ్ళు చూసినవాడు ఆ బల్ల దగ్గర ఒక్కడూ లేడు. అయినా తీర్పు చెప్పేశారు. నల్లదా, ఛీ, యముడి బండికి కట్టేలా ఉంది అన్నారట. కొమ్ముల్లేని గొడ్డూ ఒక గొడ్డేనా అన్నారట. అప్పుడు పూజ సామాను కొట్టాయన తెల్లదాని మీద వేలు పెట్టి, దీని మూలం మన ఒంగోలు జాతి, దొరలు ఓడల మీద పట్టుకుపోయి పెంచుకున్నారు, ఇన్నాళ్ళకి మన బిడ్డ మనకి తిరిగొచ్చిందన్నాడట. అంతే, బల్లంతా గంగిరెద్దులా తలూపింది.

ఒంగోలెక్కడ, మేమెక్కడ? మా తాత ఊరు కళింగపట్నం పక్కన. ఒంగోలు ఆ చివర, మేం ఈ చివర. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు పుట్టి బుద్ధెరిగి ఆంధ్ర నేల మీద కాలు పెట్టింది లేదు. మనుషుల సంబంధాలకి బర్మా పిల్లల్ని చేసుకుంటున్న కొడుకుల్ని ఆపలేక నోరు మూసుకున్నవాళ్ళు, గొడ్డుకి మాత్రం కులం, గోత్రం, ఊరు, రంగు అన్నీ వెతికారు. దేనికి? రెండేళ్ళు మేపి కోతకి పంపే దూడకి! ఆ దూడ ఒంట్లో ఎవరి రక్తం ఉంటే సరిహద్దు అవతల కత్తికి తేడా తెలుస్తుందా? సిగ్గుండక్కర్లేదూ మనుషులకి?

మర్నాడు పొద్దున నేను పాలు పట్టుకుని లమ్మడా వెళ్ళిపోయాక పెయ్య అరవడం మొదలెట్టిందట. ఎదకొచ్చింది. అన్నయ్య నాకు ఫోను చెయ్యలేదు. సయామాని పిలిపించాడు. మధ్యాహ్నం ఎందుకో మనసు ఆగక మళ్ళీ రైలెక్కి పాకకి వెళ్ళాను. వెళ్ళేసరికి పెయ్య కొమ్ములకి పసుపు, నుదుట కుంకం, మెడలో మల్లెపూల మాల. గుంజ దగ్గర కొట్టిన కొబ్బరికాయ. సయామా తెచ్చిన చలి క్యానుకి కూడా బొట్టు పెట్టారట, వదిన నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఏ రకం వేశారన్నాను. వదిన నవ్వు ఆపేసి అన్నయ్య వైపు చూసింది.

"మన తెల్లదేనే అమ్మీ," అన్నాడు అన్నయ్య. "పెద్దలందరూ కూకొని సూసిన సంబంధం. పరాయోడికి ఇచ్చినామా ఏటి?"

నా పెయ్య అది. నన్నడగాలా వద్దా? అడిగితే ఒప్పుకోనని తెలిసే అడగలేదు. వెంటనే సయామాకి ఫోను చేశాను. ఆ పిల్ల నిర్ఘాంతపోయింది. పెయ్యకి వద్దని మళ్ళీ చెప్పానక్కా, మా చెల్లెలు ఒప్పేసుకుంది, దాన్నే వెయ్యమందని మీ అన్నయ్యే చెప్పారు అంది. నేను లేని చోట నా నోటితో ఆయనే అవుననేశాడు. నా పెళ్ళీ అలాగే జరిగింది. నన్నడక్కుండా, మనవాళ్ళే కదా అని. ఆ సంగతి ఇక్కడ చెప్పుకోను గానీ, ఆ మధ్యాహ్నం నా కడుపులో మండిన మంట ఒక్క పెయ్యది కాదు.

చూడి నిలవకూడదని మొక్కుకున్నాను. నిలిచింది. కడుపు పెరుగుతున్నకొద్దీ పాకలో అన్నయ్య మర్యాదలు పెరిగాయి. ఇంట్లో మనుషులు నూనె చూసుకుని వాడుకుంటూంటే పెయ్యకి మాత్రం చెక్క, తవుడు, బెల్లం. చివరి నెలల్లో అంత పెట్టకండి, అదంతా దూడకే పడుతుంది, దారి అంతే ఉంటుంది అని వదినకి చెప్పాను. వదిన నావైపు తలూపి, అన్నయ్య కేకేస్తే తట్ట నింపేది. దళారీ వచ్చి కడుపు మీద చెయ్యి వేసి, దూడ నాదే, ఇంకెవరికీ మాటివ్వకండని చెప్పిపోయాడు. టీ కొట్టు పెద్దలు ఆదివారం పూట చూడ్డానికి వచ్చి, మన కోడలికి నెలలు నిండుతున్నాయని మురిసిపోయారు. అచ్చోసిన ఆంబోతులు ఎక్కడో లేవు, మా పాకలోనే లుంగీలు కట్టుకుని తిరుగుతున్నాయని నేను పైకే అన్నాను. విన్నవాళ్ళు విన్నారు.

ఈత ఒక పొద్దున వచ్చింది. నేను పాలకని వెళ్ళేసరికి పెయ్య పడుకుని మూలుగుతోంది, దూడ ముందుకాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. అంత లావు గిట్టలు నేను అప్పుడే పుట్టిన ఏ దూడకీ చూడలేదు. సయామాకి ఫోను చేశాను. కరెంటు లేక స్కూటరు ఛార్జింగు సరిపోలేదట, సగం దారిలో ఆగిపోతే తోసుకుంటూ వచ్చింది. అప్పటికి అన్నయ్య టీ కొట్టు దగ్గరి మగాళ్ళని పోగేశాడు, తాళ్ళతో సహా.

సయామా చెయ్యి పెట్టి చూసి, బయటికి తీసి, గడ్డికి తుడుచుకుంది. తర్వాత అన్నయ్యతో చెప్పింది. దూడ బతికే ఉంది గానీ తల్లి తుంటి ఎముకల దగ్గర తట్టుకుంది. బలం కొద్దీ లాగితే దూడ రావచ్చు, తల్లి నడుం పోతుంది. కడుపు కోసి తియ్యడానికి మత్తుమందు తన దగ్గర లేదు, తెప్పించేలోపు దూడ ఉండకపోవచ్చు. తల్లిని దక్కించుకోవాలంటే ఆ మందు వచ్చేదాకా ఆగాలి, దూడ మీద ఆశ వదులుకోవాలి. ఏది కావాలని అన్నయ్యని అడిగింది. నేను పెయ్య తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాను. "ఆవు నాది. ఆవుని ఉంచండి," అన్నాను. సయామా తలూపి, మందుల పెట్టె తేవడానికి గుమ్మం దాకా వెళ్ళింది.

ఆ పిల్ల అటు తిరిగిందో లేదో అన్నయ్య దూడ కాళ్ళకి తాడు బిగించి పట్టుకున్నాడు. మిగతావాళ్ళూ పట్టుకున్నారు. వద్దు, వదలండి అని అరిచాను. పెయ్య తల నా ఒళ్ళో ఉంది, నేను లేచేదెలా? రేవులో తాళ్ళు లాగిన తాతల మనవలు కదా, ఆ విద్య బాగా వచ్చింది వాళ్ళకి. ఒకడు పాట కూడా అందుకున్నాడు. పెయ్య ఒక్క అరుపు అరిచింది. లోపల ఏదో పటుక్కుమన్నది నాకు ఒళ్ళోకే తెలిసింది.

దూడ వచ్చింది. బతికే వచ్చింది, కోడెదూడ, తెల్లగా, కాళ్ళూ చెవులూ పొడుగ్గా. మగాళ్ళందరూ దాని చుట్టూ మూగారు. ముక్కు తుడిచారు, గడ్డితో ఒళ్ళు రుద్దారు, అచ్చం మనదే, మూపురం జాడ అప్పుడే తెలుస్తోంది చూడండి అని ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఫొటోలు తీసుకున్నారు. పెయ్య వైపు తిరిగింది సయామా ఒక్కతే. నెత్తుటి చేతులతో మోకాళ్ళ మీద కూర్చుని, వాళ్ళని బర్మాలో తిట్టిన తిట్లు తెలుగులో రాయలేను. రాయాలనైతే ఉంది.

పెయ్య లేవలేదు. నడుం కింద భాగానికి స్పర్శ లేదు. లేస్తుందేమోనని ఎన్ని చెయ్యాలో అన్నీ చేశాం. ఇసక పోసి మెత్తగా పక్క వేశాం, పూటపూటకీ పక్క మార్చాం, వెదుళ్ళు పాతి గోనెసంచులు కుట్టి కింది నుంచి ఎత్తి నిలబెట్టాం. ముందుకాళ్ళు ఆనించేది, వెనకకాళ్ళు తువ్వాలు జారినట్టు జారిపోయేవి. నేను లమ్మడా మానేసి పాకలోనే ఉన్నాను. టీ కొట్లవాళ్ళు ఇంకొకళ్ళని చూసుకున్నారు. పుండ్లు పడ్డాయి, ఈగలు మూగాయి. అయినా నేను మాట్లాడితే తలెత్తేది, దూడని దగ్గరికి తెస్తే పడుకునే నాకేది. సయామా రోజూ వచ్చేది. చివరికి ఒకరోజు నా మొహం చూడకుండా, ఇంక లేవదక్కా అంది.

ఆ సంగతి తెలిసి దళారీ వచ్చాడు. దూడని మెచ్చుకుని, తల్లి వైపు చూసి, మేత తింటున్నప్పుడే ఇచ్చెయ్యండి, కండ తగ్గిపోతే ఎవడికీ అక్కర్లేదన్నాడు. మనుషుల్ని పెట్టి టార్పాలిన్ మీద లారీలోకి ఈడ్పిస్తాడట. అంత దూరం, ఆ ఎండలో, ఆ నడుముతో. అన్నయ్య నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు, ఏం చేస్తాం, పనికి పంపేద్దామని. లేచి నిలబడలేని ఆవుని పనికి పంపుతాడట! మనిషి నోటికి అబద్ధం ఎంత అలవాటైపోతే ఆ మాట వస్తుంది? వదిన అప్పటికే కుంకం భరిణ తెచ్చి గుమ్మంలో నిలబడింది. నాకు వొళ్ళు తెలియలేదు. ఆ భరిణ లాక్కుని మురిక్కాలవలోకి విసిరేశాను. దళారీని, నువ్వు కదులు, ఇది అమ్మకానికి లేదన్నాను. సయామాని పిలిచి, బాధ లేకుండా దీన్ని పంపించే మందు ఉందా అని అడిగాను. ఉందంది. ఆ మందు ఎక్కితే మాంసం ఎవరూ తినడానికి పనికిరాదని కూడా చెప్పింది. మంచిదన్నాను.

అన్నయ్య వణికిపోయాడు. నిజంగానే వణికాడు, ఆయన భక్తి దొంగది కాదు, అదే నాకు ఇంకా ఒళ్ళు మండించే సంగతి.

"గోహత్తి సేత్తావేటే? మన వంశంలో ఆడది గోవుని సంపిందని సెప్పుకోవాలా?"

"సంపింది మీరు అన్నయ్యా, ఆ తాడు పట్టుకున్న రోజునే," అన్నాను. "ఆ సెడ్డపేరు నేను మోత్తన్నాను. ఎల్లి సెప్పుకో."

వెళ్ళి చెప్పుకున్నాడు. సాయంత్రానికి టీ కొట్టంతా తెలిసిపోయింది. మనవాళ్ళ ఇళ్ళలో నా చేతి పెరుగు ఇప్పుడు ఎవరూ పోయించుకోరు. పూజకి పిలవరు. పూజ సామాను కొట్టాయన నేను ఎదురొస్తే రోడ్డు దాటతాడు. తెల్ల దూడ పెరిగి, పూలదండ వేయించుకుని లారీ ఎక్కినప్పుడు సాగనంపడానికి మాత్రం అందరూ వచ్చారట. వాళ్ళ చేతులకి ఏ పాపమూ అంటలేదు. వాళ్ళది పుణ్యం, నాది హత్య. అలాగే అనుకోనీ, నేను ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు.

పెయ్యని పంపిన ఆ మధ్యాహ్నం, అన్నయ్య వెళ్ళిపోయాక, పాకలో మేం ముగ్గురమే మిగిలాం. నేను, పెయ్య, సయామా. దానికి ఇష్టమని లేతగడ్డి కోసుకొచ్చి నోటికి అందించాను. నెమ్మదిగా నమిలింది. సయామా మెడ దగ్గర నరం వెతికి, అక్కడి వెంట్రుకలు గొరిగి, తడిబట్టతో తుడిచింది. సూదిలోకి మందు తీసుకుని, పైకి పట్టుకుని, నా మొహంలోకి చూసింది.

"అక్కా, మీరు ఒప్పుకుంటున్నారా?" అని అడిగింది.

అది పుట్టిన దగ్గర్నుంచి దాని సంగతి నన్ను ఎవరైనా అడగడం అదే మొదలు. ఒప్పుకున్నాను.